కేసు ఒకరిది, ఖర్చు అందరిది

(నెల్లూరు జిల్లా సముద్రతీర గ్రామాల వ్యవసాయ కూలీలు, రొయ్యల చెరువుల పనివాళ్ళు, దళిత యువజనుల సభలో చేసిన ప్రసంగానికి రాత ప్రతి)



ఈ పొద్దు మాకిచ్చిన అంశం 'చట్టాలు - దళితులు'. చట్టాల గురించి చెప్పే వక్తలకు మనకు కొరత లేదు. ఏ సెక్షను కింద ఎన్నేళ్ళ శిక్షో మన పల్లెల్లో పదో తరగతి పిల్లలే చెప్తున్నారు. అందుకని మేము చట్టం గురించి కాకుండా, చట్టం దాకా పోయే దారిఖర్చు గురించి మాట్లాడదామని వచ్చాం. బస్సు ఛార్జీ గురించి, పోయిన కూలి గురించి, నకలు కాగితాలకు కట్టే డబ్బు గురించి, గుమాస్తా చేతిలో పెట్టే నోటు గురించి మాట్లాడతాం. ఇవి చిన్న విషయాలని ఎవరైనా అనుకుంటే, మన కేసులు యాడ చస్తున్నాయో వాళ్ళు చూడలేదన్నమాట.

మన కేసులు జడ్జి ముందర చచ్చేవి తక్కువ. బస్టాండులో చచ్చేవి ఎక్కువ.

లెక్క కోసం ఒక ఇల్లు తీసుకుందాం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూలికి పోతేనే పొయ్యి రాజే ఇల్లు. భర్త ఫిర్యాదుదారు, భార్య సాక్షి. వాయిదా రోజున ఇద్దరి కూలీ పోయింది. ఇద్దరికీ నెల్లూరికి రానూ పోనూ బస్సు. మధ్యాహ్నం ఇంత అన్నం. సాయంత్రం దాకా వరండాలో నిలబడితే, చివరికి 'పై నెలకు వాయిదా' అని పిలుపు. ఏడాదికి పన్నెండు వాయిదాలంటే ఇరవై నాలుగు కూలీలు. ఇది ప్లీడరు ఫీజు ఒక్క రూపాయి కూడా కలపని లెక్క. ఆ ఇంటికి ఇరవై నాలుగు కూలీలంటే నాట్ల కాలపు సంపాదన. దాన్ని నమ్ముకుని చేసిన అప్పులున్నాయి, పిల్లల చదువుంది.

మరి అవతలి మనిషికి? ఆయనకు వాయిదా అంటే కారెక్కి టౌనుకు పొయ్యొచ్చే పని. ఎరువుల కొట్లో పనుంటుంది, బ్యాంకులో పనుంటుంది, దాంతోపాటు కోర్టు. వాయిదా పడితే ఆయనకు నష్టం లేదు, పడకపోతేనే నష్టం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. ఆయన ప్లీడరు సాక్ష్యం తప్పని రుజువు చెయ్యక్కర్లేదు. సాక్షి జేబు ఖాళీ అయ్యేదాకా కాలం లాగితే చాలు.

అప్పుడొస్తుంది రాజీ. ఊరి పెద్దలు వేపచెట్టు కిందికి పిలుస్తారు. 'ఎన్నాళ్ళు తిరుగుతావురా, ఇంత తీసుకుని చూడలేదని చెప్పు' అంటారు. మనోడు తల వంచుకుంటాడు. మర్నాటి నుంచి మనమే వాణ్ణి అమ్ముడుపోయాడంటాం. అన్నలారా, ఆ మాట అనేముందు ఒక ప్రశ్న వేసుకోవాల. వాయిదాలకు తిరిగిన ఆ రెండేళ్ళలో వాడి ఇంటికి మనం ఎన్ని శేర్ల బియ్యం పంపాం? ఎన్నిసార్లు బస్సు టిక్కెట్టు తీశాం? ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. గెలిచినవాడి ఏడుపు ఖర్చు గురించిన ఏడుపే.

ఈ ఖర్చును ఒక్కడి నెత్తిన వదిలేస్తే కేసు నిలవదు. సంఘం మొయ్యాలి. దయ తలచి మోయడం కాదు, సభ్యుడి హక్కుగా మోయాలి. మేము ఈ పొద్దు చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

ఇది కొత్త మాట కాదు. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే దీని మీద పెద్ద పోరాటం జరిగింది. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు మద్రాసు లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. బి.పి. వాడియా అధ్యక్షుడు. 1920లో గొడవ ముదిరాక మిల్లు యజమానులైన బిన్నీ కంపెనీవాళ్ళు పోలీసులతో సరిపెట్టుకోలేదు, హైకోర్టుకు పోయారు. కార్మికులను పని మానమని పురికొల్పి మాకు నష్టం తెచ్చారని యూనియన్ నాయకుల మీదనే దావా వేశారు. హైకోర్టు నాయకుల చేతులు కట్టేస్తూ ఇంజంక్షన్ ఇచ్చింది. చివరికి రాజీ. ఆ రాజీలో వాడియా యూనియన్ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. చూశారా, వందేళ్ళ కిందట కూడా దావా ఖర్చే ఆయుధం, రాజీయే ఫలితం.

ఇంగ్లండులో అంతకుముందే ఇదే జరిగింది. టాఫ్ వేల్ రైలు కంపెనీ సమ్మె కేసులో 1901లో అక్కడి పై కోర్టు యూనియనే నష్టం కట్టాలంది. ఆ యూనియన్ మీద 23 వేల పౌన్లు పడ్డాయి. కార్మికులు ఊరుకోలేదు. ఓట్లతో కొట్టారు, 1906లో చట్టం మార్పించుకున్నారు. మన దేశంలో మద్రాసు దెబ్బ తర్వాత ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు. దాని ఫలితంగా 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది.

ఆ చట్టంలో 15వ సెక్షను మనం గుర్తుంచుకోదగ్గది. యూనియన్ నిధి దేనికి ఖర్చు పెట్టొచ్చో అందులో వరస కట్టి రాశారు. సభ్యుడు యజమానితో తనకున్న హక్కుల కోసం కోర్టులో వాదిగా పోయినా ప్రతివాదిగా నిలబడినా ఆ ఖర్చు యూనియన్ నిధి నుంచి పెట్టొచ్చు. జబ్బుకు, ప్రమాదానికి, పని పోయినందుకు సభ్యుడికి సాయం ఇవ్వొచ్చు. అంటే కోర్టు ఖర్చును కూడా జబ్బు మాదిరి, ప్రమాదం మాదిరి, ఎవరికైనా ఎప్పుడైనా వచ్చి పడే ఆపదగా చూశారు. 2001 సవరణలో గ్రామీణ కార్మికుల కనీస చందా ఏడాదికి ఒక్క రూపాయి అని రాశారు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలుకొచ్చింది. నిధిని దేనికి ఖర్చు పెట్టొచ్చో కోడ్ తన ఒంట్లో రాయకుండా, ప్రభుత్వం చేసే నిబంధనలకు వదిలేసింది. ఆ నిబంధనల్లో మన కోర్టు ఖర్చు ఉందో లేదో ప్రతి కార్మిక సంఘమూ కళ్ళలో వత్తులేసుకుని చూడాల.

ఇక్కడ ఒక మెలిక ఉంది. యూనియన్ చట్టం చెప్పింది యజమానికీ పనివాడికీ మధ్య తగాదా గురించి. మన తగాదాలన్నీ అందులో ఇముడుతాయా? కూలి ఎగ్గొడితే ఇముడుతుంది. బోరింగు దగ్గర బిందె తన్నేస్తే? శవాన్ని శ్మశానం దారిన పోనివ్వకపోతే? మన ఆడబిడ్డ మీద చెయ్యేస్తే? కులం పేరు పెట్టి తిడితే? 'అది కార్మిక సమస్య కాదు గదా' అనే కామ్రేడ్లను మనం చూశాం. అదే మద్రాసు మిల్లుల్లో 1921 సమ్మెలో ఆది ద్రావిడ కార్మికులు యూనియన్‌తో విడిపోయారు, పులియాన్‌తోపు వాడలో కొట్లాటలు జరిగాయి. విడిపోవడానికి కారణాలు చాలా చెప్తారు. మనం నేర్చుకోవలసింది ఒక్కటి. సంఘం అండ అంటరాని సభ్యుడి గడప దాకా రాకపోతే ఆ సంఘం ఎప్పుడో ఒకప్పుడు చీలుతుంది. ఈ తీరానికి కూలి సంఘం కొత్త కాదు. విడవలూరు పక్కన అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య గారు 1930లలోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. ఆ వారసత్వం మనకూ ఉంది. దాన్ని కులం కేసుల దాకా పొడిగించాల్సింది మనం.

బాబాసాహెబ్ జీవితంలో ఈ ఖర్చు సంగతి ఎట్లా ఉందో చూడండి. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ కథ మనందరికీ తెలుసు. తర్వాతి కథ తక్కువమందికి తెలుసు. అదే ఏడు డిసెంబరులో సవర్ణులు కోర్టుకు పోయారు. చెరువు మా సొంతమని దావా వేసి, అంబేద్కర్ మీద, ఆయన సహచరుల మీద ఇంజంక్షన్ తెచ్చారు. కింది కోర్టు, అప్పీలు, హైకోర్టు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు మనవాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. దోసెడు నీళ్ళకు పదేళ్ళ దావా! ఆ పదేళ్ళూ కేసు ఎందుకు నిలబడింది? ప్రతివాదుల్లో ఒకరు బారిస్టరు గనక. మన పల్లెలో బారిస్టరు లేడు. కాబట్టి మన పల్లెకు సంఘమే బారిస్టరు కావాల.

అమెరికాలో నల్లజాతి వాళ్ళు ఇదే పని పెద్ద ఎత్తున చేశారు. ఎన్.ఎ.ఎ.సి.పి. అనే సభ్యత్వ సంఘం 1909లో పుట్టింది. 1940లో కేసుల కోసమే ప్రత్యేకంగా న్యాయ నిధి పెట్టారు. థర్గుడ్ మార్షల్ దానికి నాయకుడు. బడుల్లో తెల్లపిల్లల్నీ నల్లపిల్లల్నీ వేరు చెయ్యకూడదని 1954లో వచ్చిన బ్రౌన్ తీర్పు ఆ నిధి అండతో గెలిచిందే. ఆ తీర్పులో కలిసిన అయిదు కేసుల్లో ఒకటి దక్షిణ కరోలినాలోని ఒక పల్లె ప్రాంతానిది. అందులో పిటిషన్ మీద సంతకం పెట్టిన హ్యారీ బ్రిగ్స్ పెట్రోలు బంకులో పనిచేసేవాడు, ఉద్యోగం తీసేశారు. ఆయన భార్య ఎలైజా పని కూడా ఊడింది. లాయరు ఫీజును సంఘం కట్టింది సరే, పొయ్యిలో పిల్లిని ఎవరు లేపాలి? కేసు ఖర్చంటే ఫీజు ఒక్కటే కాదు. పని పోవడం ఖర్చు. అప్పు పుట్టకపోవడం ఖర్చు. ఊళ్ళో కొట్టువాడు ఉప్పు పప్పు అమ్మకపోవడం ఖర్చు. మన సాంఘిక బహిష్కారం మాదిరే.

మన గడ్డ మీదికి వద్దాం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. చీరాలలో శిబిరం పెట్టుకుని, దళిత మహాసభ కట్టుకుని మనవాళ్ళు నిలబడ్డారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం గారు ఆ పదవికి రాజీనామా ఇచ్చి బాధితుల పక్కకు వచ్చారు. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళు!

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. అప్పుడు బాధితులు ఒక తెలివైన కోరిక కోరారు. 'మేము కోర్టుకు రావడం కాదు, కోర్టే మా ఊరికి రావాల' అన్నారు. చివరికి ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. సాక్షి నడిచి పొయ్యి సాక్ష్యం చెప్పి మళ్ళీ ఇంటికొచ్చాడు. ఖర్చు గురించి అంతకంటే మంచి పాఠం ఏ లా కాలేజీలోనూ చెప్పరు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇన్నేళ్ళు ఒక్కొక్క కుటుంబం విడివిడిగా మోయగలిగిన బరువా ఇది? ఉద్యమం మోసింది గనక మోయగలిగారు. కానీ ఉద్యమం కారంచేడుకూ చుండూరుకూ కదిలినట్టు, మన కొత్తపాళెంలో బిందె తన్నిన కేసుకు కదలదు. పేపర్లో పడని కేసుకు దిక్కు ఎవరు? అక్కడే నిత్యం ఉండే నిధి కావాల.

ఇక మన సముద్రం ఒడ్డు కేసు. రొయ్యల చెరువులొచ్చి తాగే నీళ్ళు ఉప్పు కషాయమైనప్పుడు సుప్రీంకోర్టుకు పోయింది తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్, ఆయన గ్రామ స్వరాజ్య ఉద్యమం. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. మన నెల్లూరు జిల్లా కుర్రు గ్రామంలో ఆరు వందల మంది మత్స్యకారులకు తాగునీళ్ళు లేకుండా పోయిన సంగతి ఆ తీర్పులో ఉంది. ఖర్చుల సంగతి కూడా ఉంది, వినండి. ఏడు తీర రాష్ట్రాలు ఒక్కొక్కటి 20 వేల రూపాయల చొప్పున 1,40,000 కట్టాలని, ఆ డబ్బు కేసులో కోర్టుకు సాయపడిన అడ్వొకేటు ఎం.సి. మెహతాకు ఇవ్వాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ వంతు 20 వేలు అందులో ఉంది. అంటే తప్పు చేసినవాడి చేత ఖర్చు కట్టించే అధికారం కోర్టుకు ఉంది. మన ప్లీడర్లు 'ఖర్చులతో సహా' అని అడగడం మరిచిపోకూడదు. అయితే కోర్టు ఖర్చులు ఇప్పించినా అది చివర్లో, గెలిచాక. అందాకా ఎవరు పెట్టాలి అన్న ప్రశ్న అట్టాగే ఉంటుంది.

అదే తీర్పులో, మూతపడే చెరువుల్లో ఏడాది పైన పనిచేసిన కార్మికులకు చట్టప్రకారం ఇచ్చే పరిహారం కాక ఆరేళ్ళ జీతం అదనంగా ఇవ్వాలన్నారు. కాగితం మీద బంగారం మాదిరి మాట. హాజరు పట్టీలో పేరు లేని యానాది కుటుంబం, సంఘం లేని కూలీ, ఆ కాగితం పట్టుకుని ఎవరి గడప ఎక్కాలి? తీర్పు తర్వాత పునఃపరిశీలన పిటిషన్లు పడ్డాయి, 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చింది. గెలిచిన కేసుకు కూడా కాపలా ఉండాల. కాపలాదారుడికి కూడా కూలి పడాల గదా!

సరే, ఇప్పుడు ప్రభుత్వం ఏమిస్తుందో చూద్దాం. ఎందుకంటే ప్రభుత్వం ఇచ్చేదానికి మన కష్టార్జితం తగలెయ్యకూడదు.

మొదటిది ఉచిత ప్లీడరు. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు కులాల వాళ్ళకు, తెగల వాళ్ళకు, స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, జైల్లో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. ప్లీడరు ఫీజే కాదు, కోర్టు ఫీజు, సమన్ల ఖర్చు, నకళ్ళ ఖర్చు కూడా అందులోకే వస్తాయి. నెల్లూరు జిల్లా కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తారు.

రెండోది దారిఖర్చు. అట్రాసిటీ చట్టం 1989ది, నిబంధనలు 1995వి. వాటిలో 11వ నిబంధన మన పిల్లలు ఎక్కం మాదిరి కంఠతా పట్టాల. విచారణకు వచ్చే బాధితులకు, సాక్షులకు రానూపోనూ ఛార్జీ ఇవ్వాలి. ఇంటికి దూరంగా ఉన్న ప్రతి రోజుకూ వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకుండా భత్యం ఇవ్వాలి. తిండి ఖర్చు ఇవ్వాలి. స్త్రీలు, అరవై దాటిన వాళ్ళు, నలభై శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళు తోడుకు ఒకరిని తెచ్చుకోవచ్చు, ఆ తోడు మనిషి ఖర్చు కూడా ఇవ్వాలి. ఇదంతా వెంటనే గానీ, మూడు రోజులు దాటకుండా గానీ చేతిలో పడాల. ఇందాకటి ఇరవై నాలుగు కూలీల లెక్క గుర్తుందా? ఆ లెక్క ప్రభుత్వం కట్టాల్సిన లెక్క! బాధితులు కోరితే పేరున్న సీనియర్ అడ్వొకేటును పెట్టే అధికారం 4వ నిబంధన కలెక్టరుకు ఇచ్చింది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణలో 15ఎ సెక్షను వచ్చి, బాధితుల, సాక్షుల హక్కులు చట్టంలోనే చేరాయి. సంఘం కార్యకర్తల సాయం తీసుకునే హక్కు అందులో ఉంది.

మూడోది, అడ్వాన్సు బెదిరింపు. చెరువు కాపలాకు పెట్టుకుని, 'అడ్వాన్సు తీర్చందే కదలనివ్వను, దావా వేస్తాను' అంటారు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పును రద్దు చేసింది. దాని మీద దావా కూడా చెల్లదు.

'ఇన్ని ఉన్నాయి గదా, ఇంక మన నిధి ఎందుకు?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చట్టంలో మూడు రోజులని ఉన్నా, అడగనివాడికి మూడేళ్ళయినా రాదు. అర్జీ ఎవరు రాయాలి, రసీదు ఎవరు అడగాలి, ఆఫీసు చుట్టూ ఎవరు తిరగాలి? అందాకా బస్సు ఎక్కడానికి చేతిలో ఏం ఉంది? అదీగాక మన మీద పెట్టే కౌంటరు కేసులున్నాయి. స్టేషన్లో మన ఫిర్యాదు కంటే ముందు వాళ్ళ ఫిర్యాదు నమోదవుతుంది, మనోళ్ళకు జామీను కావాల. సివిల్ కోర్టులో ఇరవై మంది కూలీల పేర్లు రాసి ఇంజంక్షన్ దావా వేస్తారు. పని పోయిన ఇంటికి బియ్యం కావాల.  అక్కడ మన నిధి నిలబడాల.

మేము బడిపంతుళ్ళం. మా ఉపాధ్యాయ సంఘాల్లో చందా కడతాం. అందరికీ సంబంధించిన సర్వీసు విషయంలో అన్యాయం జరిగితే సంఘం కేసు వేస్తుంది. మేము ఎవరి కాళ్ళూ పట్టుకోం, చందా రసీదు చూపించి అడుగుతాం. నెల జీతం వచ్చేవాళ్ళకే అంత ఏర్పాటు ఉంటే, రోజు కూలీకి ఎంత ఉండాల?

డబ్బు ఎట్లా వస్తుందంటారా? ఇంటికి నెలకు పది రూపాయలనుకుందాం. రెండు వందల గడపల పల్లెకు నెలకు రెండు వేలు, ఏడాదికి 24 వేలు. అట్లాంటివి అయిదు ఊళ్ళు కలిస్తే ఏడాదికి 1,20,000. ఒక్క ఊరి నిధి ఒక్క పెద్ద కేసుకే ఊడ్చుకుపోతుంది. అయిదు ఊళ్ళు కలిస్తే, అన్ని ఊళ్ళలో ఒకే ఏడు గొడవ రాదు గనక నిధి నిలుస్తుంది. మన జిల్లా ఆడవాళ్ళకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. దూబగుంటలో మొదలైన సారా పోరాటం 1993లో రాష్ట్రమంతా సారాను ఆపించింది. ఆ తర్వాత మన ఆడవాళ్ళే పొదుపులక్ష్మి పేరున రోజుకు రూపాయి దాచి చూపించారు. రోజుకు రూపాయి దాచగలిగిన చేతులు నెలకు పది ఇవ్వలేవా?

అయితే డబ్బు కూడబెట్టడం కంటే కాపాడటం కష్టం. నిధి పెట్టిన చోటల్లా అనుమానం మొలుస్తుంది. అందుకని రాతపూర్వకంగా కట్టుబాట్లు చేసుకుందాం. మా ప్రతిపాదనలు ఇవి. చర్చించండి, మార్చండి.

ఒకటి. నిధి బ్యాంకులో ఉండాల, ఇద్దరి సంతకంతో తీయాల, అందులో ఒకరు స్త్రీ. జమాఖర్చు నెలనెలా సంఘం ముందు చదవాల, కమ్యూనిటీ హాలు గోడకు అంటించాల.

రెండు. ఏ కేసుకు ఇవ్వాలో అయిదుగురి కమిటీ చెప్తుంది. మాలపల్లె, మాదిగపల్లె, యానాది కాలనీ మూడింటి మనుషులూ అందులో ఉండాల. ఇద్దరికి తగ్గకుండా ఆడవాళ్ళుండాల. ఫిర్యాదుదారు చుట్టాలు ఆ కేసులో కూర్చోకూడదు. అర్జీ వచ్చిన మూడు రోజుల్లో జవాబు చెప్పాల. కాదంటే ఎందుకు కాదో రాసివ్వాల, ఆ సభ్యుడు సర్వసభ్య సమావేశంలో మళ్ళీ అడగొచ్చు.

మూడు. గెలిచే కేసులే తీసుకుంటామంటే కుదరదు. నిజమైన కేసా కాదా అన్నదే చూడాల. అబద్ధపు కేసుకు పైసా ఇవ్వకూడదు. అది నిధినే కాదు, రేపటి నిజమైన కేసును కూడా చంపుతుంది.

నాలుగు. మన ఆడబిడ్డ మన మగవాడి మీదనే ఫిర్యాదు చేసినా, ఆ మగవాడు సంఘం నాయకుడే అయినా, నిధి ఆమెకు తెరిచి ఉండాల. ఇది ఒప్పుకోని సంఘం ఊరి పెత్తందారును ప్రశ్నించడానికి తగదు.

అయిదు. దారిఖర్చు, పోయిన కూలి ముందు నిధి ఇస్తుంది. 11వ నిబంధన కింద ప్రభుత్వం ఇచ్చాక ఆ మేరకు తిరిగి నిధిలో చేరాల. బాధితులకు వచ్చే నష్టపరిహారంలో మాత్రం సంఘం పైసా ముట్టకూడదు. యాక్సిడెంటు కేసుల్లో 'వచ్చినదాంట్లో సగం నాకు' అని మాట్లాడుకునే ప్లీడర్లున్నారు. అట్లా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ప్లీడరుకు తగని పని సంఘానికి అసలు తగదు.

ఆరు. చందా కట్టి ఆరు నెలలైనవాళ్ళకు పూర్తి హక్కు. గొడవ జరిగాక చేరినవాళ్ళకు సంఘం మనిషి తోడు వస్తాడు, అర్జీలు రాసిపెడతాడు. డబ్బు సాయం ఎంతో కమిటీ చెప్తుంది. తలుపు మాత్రం మూయకూడదు.

ఏడు. నిధి ఇచ్చాం గదా అని బాధితుల మెడకు తాడు కట్టకూడదు. దెబ్బ తిన్నది వాళ్ళు, రేపు ఊళ్ళో బతకాల్సింది వాళ్ళు. ఏ దశలోనైనా వాళ్ళ మాటే చివరి మాట. ఆకలితో తల వంచాల్సిన గతి పట్టకుండా చూడటం వరకే మన పని. కడుపు నిండిన మనిషి ఆలోచించి చెప్పే మాట వేరు, అప్పులవాడు గుమ్మంలో ఉండగా చెప్పే మాట వేరు.

నిధి ఉందని తెలిస్తే అవతలివాళ్ళ నడక కూడా మారుతుంది. వాయిదాలు లాగితే వీళ్ళు అలసిపోరని తెలిసిన రోజున వాయిదాలు లాగడంలో లాభం ఉండదు. బిందె తన్నేముందు కాలు ఒక్క క్షణం ఆగుతుంది. కోర్టు దాకా పోకుండానే గెలిచే కేసులు అవే. వాటికి నిధిలోంచి రూపాయి కూడా ఖర్చు కాదు.

ఈ సభ ముగిసేలోపు పుస్తకం ఒకటి తెరుద్దాం. ఏ ఊరి నుంచి ఎవరు చందాలు వసూలు చేస్తారో పేర్లు రాద్దాం. ఇప్పుడు వాయిదాలకు తిరుగుతున్న ఇళ్ళు ఏవేవో కూడా రాద్దాం. 11వ నిబంధన కింద వాళ్ళకు ఎన్ని రోజుల బత్తెం బాకీ ఉందో లెక్క కట్టి, కలెక్టరు గారికి అర్జీ పెట్టి రసీదు తెచ్చుకుందాం. మనం కోర్టులో ఎన్ని కేసులు వేశామన్నది తర్వాత లెక్కపెట్టుకుందాం. ఖర్చు లేక ఎన్ని కేసులు మధ్యలో వదిలామన్నది ముందు లెక్కపెడదాం. ఆ లెక్క సున్నాకు వచ్చిన రోజున ఈ తీరంలో చట్టం అమలైందని ధైర్యంగా చెప్పొచ్చు.

జై భీమ్!